కారు మీది టెంట్: తోడల్లుడికి ఇవ్వాలా, బయట అమ్మాలా?

డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

పదకొండేళ్ళ అమెరికా కాపురం ముగించి, జూన్‌లో బడులు తెరిచేలోపు హైదరాబాదు చేరాలని భార్యాభర్తలు నిర్ణయించుకున్నారు. ఇంట్లో సామాను సంగతి తేలిపోయింది. తేలనిదల్లా కారు మీద ఉన్నదే. 2019 టయోటా ఫోర్‌రన్నర్, దానిపైన అల్యూమినియం రాక్, రాక్ మీద విప్పితే నలుగురు పడుకునే కాన్వాస్ టెంట్, పక్కన ఆనింగ్ (నీడకి విప్పుకునే గుడ్డ పందిరి), వెనక డిక్కీలో ఆయన చేతులతో చేసుకున్న ప్లైవుడ్ సొరుగులు, 12 వోల్టుల ఫ్రిజ్, ఒక పవర్ స్టేషన్ (కరెంటు నిల్వ ఉంచుకునే పెద్ద బ్యాటరీ పెట్టె). 2021లో ఒక్కొక్కటే కొన్నారు. టెంట్ 2,300 డాలర్లు, రాక్ 1,100, పవర్ స్టేషన్ 1,000, ఫ్రిజ్ 750, ఆనింగ్ 350, సొరుగులకి కర్ర, స్లయిడ్లు కలిపి 400. మొత్తం 5,900. బిగ్ బెండ్, పాలో డ్యూరో, కొలరాడో అన్నీ దాంతోనే తిరిగారు.

అంతా కలిపి 5,000కి ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టారు. పది రోజుల్లో నలభై మంది "ఉందా?" అని అడిగారు. చూడ్డానికి ఒక్కరూ రాలేదు. ఒకాయన మాత్రం చూడకుండానే 5,600కి చెక్కు పంపుతానన్నాడు, పైనున్న 600 సామాను మోసుకెళ్ళే మనిషికి మీరే ఇచ్చేయండన్నాడు. ఈలోగా ఆస్టిన్‌లో ఉన్న తోడల్లుడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఎలాగూ వెళ్ళిపోతున్నారు కదా, మొత్తం నాకిచ్చేయండి. 1,500 ఇస్తాను." అతని దగ్గరున్నది చిన్న హైబ్రిడ్ ఎస్‌యూవీ. "మా చెల్లెలింటికే కదా వెళ్తోంది, మనవాళ్ళ దగ్గర లెక్కలేంటి?" అని ఇల్లాలు. "ఆరు వేల సామాను పదిహేను వందలకా? ఇదే మాట బయటివాడంటే నవ్వి ఊరుకునేవాణ్ణి, తోడల్లుడనేసరికి మనసు చివుక్కుమంది" అని ఈయన.

ఉత్తరం చివర ఇంకో నాలుగు లైన్లున్నాయి. "పరుపు ఎత్తితే కింద, గుడ్డ అంచుల వెంట నల్ల మచ్చలున్నాయి. తలవైపు గోడకి నాలుగు అంగుళాల చిరుగు, టేపు వేశాను. మామూలుగా చూస్తే కనబడవు. వీళ్ళకి చెప్పాలా, వాళ్ళకి చెప్పాలా? ఈ గొడవంతా ఎందుకు, హైదరాబాదుకే పట్టుకుపోయి అక్కడ ఒక థార్ కొని దానిమీద బిగించుకోనా?"

ఇక సమాధానం.

ముందు ధర సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ కోపంలో సగం అక్కడే ఉంది. మీరు 5,900 పట్టుకుని కూర్చున్నారు. కొనేవాడికి ఆ అంకెతో పనిలేదు. 2021లో అందరూ ఒక్కసారిగా అడవుల మీద పడ్డారు, టెంట్ల కోసం నెలల తరబడి క్యూలో ఉన్నారు, అప్పటి ధర అప్పటిది. ఇవాళ అదే టెంట్ కొత్తది, డిస్కౌంటు పోను ఎంతకి వస్తోందో చూడండి. అక్కడి నుంచే లెక్క మొదలవుతుంది. ఏ లోపమూ లేనిది, మూడు నాలుగేళ్ళు వాడినది అయితే అందులో 50 నుంచి 60 శాతం అడగొచ్చు. బూజు మచ్చ, అతుకు ఉన్నదానికి 50 శాతం వస్తే అదృష్టం. కొత్తది ఇప్పుడు 1,800 ఉందనుకుంటే మీది 700 నుంచి 900 మధ్య పోతుంది.

మిగతావి కూడా అలాగే చూద్దాం. రాక్ 500 నుంచి 600. ఐదో తరం ఫోర్‌రన్నర్ 2010 నుంచి 2024 మోడల్ దాకా ఒకటే కాబట్టి ఆ రాక్ కావాల్సినవాళ్ళు టెక్సాస్ నిండా ఉన్నారు, అది త్వరగా పోతుంది. ఫ్రిజ్ 350 నుంచి 400. పవర్ స్టేషన్ 400 నుంచి 450. ఆనింగ్ 150. సొరుగులు 50 నుంచి 100, అదీ అదే కారున్న మనిషి దొరికితే. మీ చేతిపని అని మీకు ముద్దు, కొనేవాడికి మాత్రం డిక్కీలో మోయాల్సిన ప్లైవుడ్ బరువు. అన్నీ కలిపితే 2,150 నుంచి 2,600 వస్తుంది. అంటే తోడల్లుడి 1,500కీ మీకు నిజంగా చేతికొచ్చేదానికీ తేడా 650 నుంచి 1,100. నాలుగు వేలు కాదు. ఆ తేడా కోసం మీరు ఆరేడు వారాలు ఫోన్లు ఎత్తాలి, వస్తానని రానివాళ్ళ కోసం శనివారాలు ఇంట్లో కాపలా ఉండాలి. అది మీకు గిట్టుబాటవుతుందా లేదా అన్నది మీ ఇష్టం, కానీ కోపం మాత్రం అసలు తేడాకి తగ్గట్టుగా పడండి.

ఇప్పుడు మీరిద్దరూ, బహుశా మీ తోడల్లుడు కూడా, చూడని సంగతి. ఆ టెంట్ అతని కారుకి సరిపోతుందా?

కారు పైకప్పు మోయగల బరువుకి రెండు లెక్కలుంటాయి. నిలిపి ఉంచినప్పుడు ఎక్కువ మోస్తుంది, అందుకే పైన నలుగురు పడుకున్నా ఏమీ కాదు. నడిచేటప్పుడు పరిమితి చాలా తక్కువ, ఎందుకంటే బ్రేకు వేసినా, మలుపు తిప్పినా ఆ బరువంతా ముందుకో పక్కకో తోస్తుంది. కొనేముందు చూడాల్సింది ఈ రెండో అంకె. అది కారు మాన్యువల్లో ఉంటుంది. పైకప్పుకి అడ్డంగా బిగించే కడ్డీలకి, అంటే క్రాస్ బార్లకి, వేరే పరిమితి ఉంటుంది, వాటిని పైకప్పు అంచుల వెంట ఉండే రెయిల్స్‌కి పట్టి ఉంచే పాదాలకి ఇంకొకటి. మూడింటిలో ఏది తక్కువో అదే లెక్క. బజారులో దొరికే మామూలు క్రాస్ బార్లలో చాలావాటికి పరిమితి 165 పౌండ్లు. కారు కంపెనీ ఇచ్చిన సన్నబార్లకి ఇంకా తక్కువే ఉండొచ్చు.

మీ టెంట్ 150 పౌండ్లని రాశారు. లోపల వదిలేసే దుప్పట్లు, దిండ్లు 12 పౌండ్లు. అక్కడికే 162. పైకప్పు పరిమితిలో బార్ల బరువు కూడా కలపాలి, అదో 15, అంటే 177. వానలో తడిసిన కాన్వాస్ మడిచి బయలుదేరితే ఆ పైన ఇంకొన్ని పౌండ్లు. అతని కారు మాన్యువల్లో 150 అనో 165 అనో ఉంటే టెంట్ దానిమీదకి ఎక్కకూడదు, ఎవరు ఎంతకిచ్చినా సరే. మీ రాక్ సంగతి చెప్పనక్కర్లేదు, అది ఫోర్‌రన్నర్ పైకప్పు రంధ్రాలకి కొలిచి చేసింది, వేరే కారు మీద కూర్చోదు. అంటే 1,500 ఇచ్చి అతను కొనబోతున్నదాంట్లో రాక్ పూర్తిగా దండగ, సొరుగులూ అంతే, టెంట్ అనుమానం. ఆస్టిన్ తీసుకెళ్ళి పనికిరానివన్నీ అతనే ఆన్‌లైన్‌లో అమ్ముకుంటే, ఆ సంగతి మీకు ఏ పెళ్ళిలోనో తెలిస్తే, ఇప్పుడు చివుక్కుమన్న మనసు అప్పుడు విరిగిపోతుంది.

అందుకని ముందు అతనికి ఫోన్ చేసి డబ్బు మాట ఎత్తకుండా ఇది అడగండి: "నీ కారు మాన్యువల్లో రూఫ్ లోడ్ ఎంతుందో చూసి చెప్పు తమ్ముడూ, నీ దగ్గర క్రాస్ బార్లున్నాయా, వాటి మీద ఎంత రాసుంది?" ఆ జవాబుని బట్టి మీ ముందు దారులు మారతాయి.

టెంట్ అతనికి పనికిరాదని తేలితే చిక్కు దానంతటదే సగం విడిపోతుంది. ఫ్రిజ్, పవర్ స్టేషన్, ఆనింగ్ ఏ కారుకైనా పనికొస్తాయి. ఆ మూడూ మరదలింటికి మీ కానుకగా ఇచ్చేయండి, లేదా మూడూ కలిపి 500 తీసుకోండి. టెంట్, రాక్ బయట అమ్మండి. మీ ఆవిడ మాటా దక్కుతుంది, మీ చేతికి కూడా పన్నెండు పదిహేను వందలు వస్తాయి. నన్నడిగితే మీకు నప్పేది ఇదే. దీనికున్న ఇబ్బంది ఒకటే, మీ మే నెల పాపం ఆ టెంట్ కోసం ఫోన్లకి జవాబివ్వడంలోనే పోతుంది.

టెంట్ అతనికి పనికొస్తుందని తేలితే రెండు మార్గాలు. ఇవ్వడం, అమ్మడం. మధ్యలో ఇంకోటి ఉన్నట్టు కనిపిస్తుంది, అదే మీరిప్పుడు పడబోతున్న గొయ్యి. సగం ధరకి సగం మనసుతో ఇచ్చారనుకోండి, మీకు 1,100 దానం చేసినట్టు ఉంటుంది, అతనికి 1,500 పోసి కొన్నట్టు ఉంటుంది. వచ్చే వేసవిలో జిప్పు ఊడితే అతను మీకు ఫోన్ చేస్తాడు, ఎందుకంటే కొన్నాడు. మీకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఇచ్చారు. కాబట్టి ఇస్తే పూర్తిగా ఇవ్వండి, పైసా తీసుకోకండి. ఆ 1,500 వదులుకోగలరా అని భార్యాభర్తలు కూర్చుని లెక్క చూసుకోండి. అమ్మితే అమ్మకంలాగే అమ్మండి: ఇదీ బయటి ధర, ఇవీ లోపాలు, నువ్వు తమ్ముడివి కాబట్టి ఇంత తగ్గించాను అని ముందే చెప్పి, వచ్చి టెంట్ విప్పి చూసుకోమనండి. అప్పుడతను వద్దన్నా మీకు అవమానం లేదు, అతనికి మొహమాటం లేదు. మీ ఆవిడకి ఈ తేడా మీరే చెప్పండి, ఆవిడ చెల్లెలితో ఏదో అనేసేలోపే.

బూజు మాట ఇద్దరికీ చెప్పాలి. దీంట్లో నేను మెత్తబడను. ఆ టెంట్‌లో పడుకునేది ఎవరి పిల్లలైనా కావచ్చు, ఉబ్బసం ఉన్న పిల్లాడికి బూజు వాసన చాలు. పైగా అది దాగే లోపం కాదు. టెంట్ విప్పగానే మొదట ముక్కుకే తెలుస్తుంది. కొనేవాడు 700కి సిద్ధమై వచ్చి, చెప్పని మచ్చ కనబడితే 400 అంటాడు, లేదా మాట్లాడకుండా వెనక్కి పోతాడు. ముందే ఫొటోతో సహా చెప్పినది బేరంలో మళ్ళీ రాదు.

అయితే చెప్పేముందు కొంత బాగుచేయొచ్చు. ఆ మచ్చలు ఎందుకొచ్చాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. రాత్రి నలుగురి ఊపిరిలోని తేమ, టెంట్ అడుగున చల్లబడిన అల్యూమినియం పలక మీద నీళ్ళుగా మారుతుంది. పైన పరుపు ఉంది కాబట్టి ఆరదు. పొద్దున్నే మడిచి కవర్ జిప్పు వేసి ఇంటికొస్తారు, డాలస్ ఎండలో అది మూతపెట్టిన ఇడ్లీ పాత్ర. అందుకే బూజు గోడల మధ్యలో కాదు, పరుపు కింద, గుడ్డ పలకకి అతికే అంచుల్లో, మడతల్లో పడుతుంది. అక్కడ చూడండి.

వరసగా మూడు రోజులు ఎండ ఉందని చూసుకుని డ్రైవ్‌వేలో టెంట్ విప్పండి. పరుపు బయటికి తీసి దాని తొడుగు ఉతకండి. మాస్కు వేసుకుని, పొడి బ్రష్‌తో ముందు బూజుని బయటివైపు దులపండి. తర్వాత ఒక వంతు తెల్ల వెనిగర్‌కి నాలుగు వంతుల నీళ్ళు కలిపి చల్లి, అరగంట ఆగి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళతో కడగండి. బ్లీచ్ మాత్రం వద్దు. మచ్చ తెల్లబడుతుంది కానీ గుడ్డలో బలం పోతుంది, నీళ్ళు ఆపే పూత పోతుంది, కుట్లలో దారం చివికిపోతుంది. నల్లమచ్చ నీడలా కొంత మిగిలిపోతుంది, దాన్ని వదిలేయండి. పోవాల్సింది వాసన. అన్ని కిటికీలూ తెరిచి రెండు రోజులు ఆరనిచ్చి, మూడో రోజు మడిచి ఒక పగలంతా మూసి ఉంచి, మళ్ళీ విప్పి ముక్కు పెట్టండి. వాసన లేకపోతే పని అయినట్టే. అప్పుడు కాన్వాస్‌కి నీటి పూత స్ప్రే కొట్టి, ఆరాక హోస్‌తో పది నిమిషాలు నీళ్ళు పోసి కుట్ల లోపలివైపు చేత్తో తడిమి చూడండి. చెమ్మ తగిలిన చోట కుట్ల సందులు మూసే సీమ్ సీలర్ రాయండి.

చిరుగు మీద టేపు తీసేయండి. టెక్సాస్ ఎండకి దాని జిగురు కరిగి జారుతుంది, దుమ్ము పడుతుంది, చూసేవాడికి అది చిరుగు కంటే అసహ్యంగా కనిపిస్తుంది. అదే రకం కాన్వాస్ ముక్కలు రెండు, చిరుగు కంటే అన్నివైపులా అంగుళం పెద్దవి, మూలలు గుండ్రంగా కత్తిరించి, లోపలొకటి బయటొకటి సీమ్ జిగురుతో అతికి, బరువు పెట్టి ఒక రోజు వదిలేయండి. మూలలు చదరంగా ఉంచితే అక్కడి నుంచే లేస్తాయి. కారు సీట్లు కుట్టే చోటికి తీసుకెళ్తే మిషన్ మీద కుట్టిస్తారు, ఇంకా మంచిది. పైనుండే పీవీసీ కవర్ కూడా చూడండి. నాలుగేళ్ళ ఎండకి జిప్పు పక్కన పగుళ్ళు వచ్చి ఉంటాయి. కొత్త కవర్ కొనకండి, పెట్టిన డబ్బు తిరిగిరాదు. పగులు ఉందని ఫొటో పెట్టండి చాలు.

బయట అమ్మడానికి ఇప్పుడున్న ప్రకటన తీసేయండి. "మొత్తం సెటప్ 5,000" అంటే ఫోర్‌రన్నర్ ఉండి, టెంట్ కావాల్సి, ఫ్రిజ్ లేని మనిషి దొరకాలి. అలాంటివాడు ఈపాటికే అవన్నీ కొనుక్కుని ఉంటాడు. ఒక్కోదానికి ఒక్కో ప్రకటన పెట్టండి. టెంట్ ప్రకటనలో మొదటి లైన్లోనే విప్పిన వెడల్పు, మడిచిన కొలత, బరువు, కొన్న నెల, ఎన్ని రాత్రులు వాడారో రాయండి. రెండో లైన్లో లోపాలు. మూడో లైన్లో ఏమేం ఇస్తున్నారో: నిచ్చెన, పరుపు, బిగించే ప్లేట్లు, బోల్టులు, కిటికీ రెప్పల్ని నిలబెట్టే ఇనుప పుల్లలు ఎన్నున్నాయో లెక్కపెట్టి మరీ. ఆ పుల్లల్లో ఒకటో రెండో అన్ని టెంట్లలోనూ పోతాయి, వచ్చినవాడు లెక్కపెడతాడు. ఫొటోల్లో పలక అడుగు, మడత కీళ్ళు, నిచ్చెన గొళ్ళేలు, జిప్పులు దగ్గరగా తీయండి. అతుకు పక్కన ఒక క్వార్టర్ నాణెం పెట్టి తీస్తే ఎంత చిన్నదో వాళ్ళకే తెలుస్తుంది. టెంట్ విప్పి మూసే నిమిషం వీడియో పది ఫొటోల పెట్టు. 950 అడిగి 800 దగ్గర ఆగండి. ఏప్రిల్, మే నెలల్లో అడిగేవాళ్ళుంటారు. ఆగస్టు ఎండలో ఎవరూ టెంట్ మొహం చూడరు, అప్పటికి మీరూ ఇక్కడ ఉండరు.

ఆ 5,600 చెక్కు మనిషికి జవాబివ్వకండి. ఇది పాత మోసం. చెక్కు వేసిన మర్నాడే బ్యాంకు ఖాతాలో డబ్బు కనబడుతుంది, మీరు 600 ఆ మోసేవాడికి పంపేస్తారు, వారం పదిరోజులకి చెక్కు దొంగదని తేలి బ్యాంకు మొత్తం వెనక్కి లాక్కుంటుంది. "మీరు నిజమైన మనిషేనా, ఫోన్‌కి వచ్చిన ఆరంకెల కోడ్ చెప్పండి" అనేవాడూ దొంగే. జెల్ (Zelle, బ్యాంకు ఖాతాలోకి నేరుగా డబ్బు పంపే పద్ధతి) ద్వారా పంపానని ఈమెయిల్ చూపిస్తే నమ్మకండి, మీ బ్యాంకు యాప్ తెరిచి ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే సామాను కదలాలి. ఫ్రిజ్ లాంటివైతే పోలీస్ స్టేషన్ ముందో బ్యాంకు లోపలో ఇచ్చిపుచ్చుకోవచ్చు. టెంట్‌ని అలా మోసుకుపోలేరు కాబట్టి పగటిపూట, గరాజ్ తలుపు తెరిచి, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు రమ్మనండి.

కారు గురించి రెండు మాటలు. టెంట్‌తో సహా కారు అమ్మేద్దామని మీకో ఆలోచన వచ్చి ఉండాలి. డీలర్ దగ్గరికి వెళ్తే టెంట్‌కి ఒక్క డాలరూ కలపడు, అందుకే డీలర్‌కి ఇచ్చేటట్లయితే ముందే అన్నీ విప్పండి. విడిగా మనిషికి అమ్మితే, అలాంటి మనిషే దొరికితే, సెటప్‌కి 1,500 దాకా కలిసొస్తుంది, విప్పే శ్రమా తప్పుతుంది. కాకపోతే విమానం దగ్గరపడేకొద్దీ ఆ ఒక్కడి కోసం ఎదురుచూడ్డం జూదమే. మే 15 అని గడువు పెట్టుకోండి, ఆ రోజుకి దొరక్కపోతే విడివిడిగా పోవాల్సిందే. రాక్ తీసేముందు కారుతో వచ్చిన అసలు రెయిల్స్ గరాజ్‌లో ఉన్నాయో లేదో చూడండి. అవి లేకుండా రాక్ ఊడిస్తే ఆ రంధ్రాల్లోంచి వాన లోపలికి వస్తుంది. సొరుగుల కోసం వెనక సీటు విప్పి ఉంటే అదీ తిరిగి బిగించాలి. కారు అమ్మిన రోజు టైటిల్ (యాజమాన్య పత్రం) వెనక, దాని మార్పిడికి వాడే 130-యు ఫారం మీద సంతకాలు పెట్టి, నంబరు ప్లేట్లు ఊడదీసుకుని, టోల్‌ట్యాగ్ తీసేయండి. వాహనం చేతులు మారినట్టు టెక్సాస్ మోటారు వాహనాల శాఖకి 30 రోజుల్లోపు తెలియజేసే వీలుంది, మీరు మాత్రం అదే సాయంత్రం చేయండి. లేకపోతే కొన్నవాడి టోల్ బిల్లులు హైదరాబాదులో మీకు నిద్ర లేకుండా చేస్తాయి.

హైదరాబాదుకి తీసుకెళ్ళే సంగతి. టెంట్ మడిస్తే 56 అంగుళాలు, 48, 12 అనుకుంటే 19 ఘనపుటడుగులు, ఓడ సామానులో అంత చోటు ఖరీదే. అయినా పట్టుకెళ్ళారనుకుందాం. థార్ ఎత్తు 1.8 మీటర్లు దాటి ఉంటుంది, పైన రాక్, టెంట్ కలిస్తే 2.2 మీటర్ల పైమాటే. ముందు మీ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో బీమ్ ఎంత ఎత్తుందో కొలిపించండి. ఫ్రిస్కోలో 7 అడుగుల గరాజ్ తలుపు కింద ఫోర్‌రన్నర్ పట్టక వడగళ్ళ వానకి బయట వణికిన రోజులు మీకు గుర్తే ఉంటాయి, అదే బాధ అక్కడా. దానికితోడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. రిజిస్ట్రేషన్‌లో కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, పైన భారీ రాక్ చూసి దారిలో ఆపితే మీరు వాదించుకోవాలి. పవర్ స్టేషన్ ఆలోచనే వద్దు. 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీ ప్రయాణికుల విమానం ఎక్కదు, ఎక్కినా అది ఇచ్చేది 120 వోల్టులు, అక్కడి మిక్సీ 230 అడుగుతుంది. పట్టుకెళ్ళదగ్గది ఏదైనా ఉంటే ఫ్రిజ్ ఒక్కటే. కారు 12 వోల్టులు అక్కడా 12 వోల్టులే, అడాప్టర్ మీద 100-240 అని ఉంటే గోడ ప్లగ్గుకీ పనికొస్తుంది. ఆనింగ్ వద్దు, మీది కుడివైపు విప్పుకునేలా బిగించారు, అక్కడ కుడివైపంటే డ్రైవరు వైపు, రోడ్డు మధ్య వైపు. అంత ఇష్టంగా ఉంటే అక్కడికెళ్ళాక కారు కొని, పార్కింగ్ చూసుకుని, తేలికపాటిది ఒకటి కొనుక్కోండి.

చివరిగా టెంట్ దించడం. చాలామంది ఇక్కడే పాడుచేస్తారు. పరుపు, దుప్పట్లు, నిచ్చెన ముందు తీసేస్తే ముప్పై పౌండ్లదాకా తగ్గుతుంది. అడుగున రెండు కాలువల్లో జారే ఎం8 స్టీలు బోల్టులుంటాయి, 13 నంబరు పానా పడుతుంది. వాటి మీద డ్రిల్లు పెట్టకండి. స్టెయిన్‌లెస్ మరలు వేగంగా తిరిగితే వేడెక్కి ఒకదాన్నొకటి కరిచి పట్టేసుకుంటాయి, ఆ తర్వాత ముందుకూ రాదు వెనక్కీ పోదు, కోసి తీయాల్సిందే. ముందురోజు రాత్రి ప్రతి నట్టు మీదా నూనె చుక్క వేసి, పొద్దున చేతి పానాతో నెమ్మదిగా, సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ రండి. తీసిన నట్లు, ప్లేట్లు ఒక సంచిలో వేసి నిచ్చెనకి కట్టేయండి. లోపల నైలాన్ ఉన్న నట్లు రెండోసారి అంత గట్టిగా పట్టవు, కొనేవాడికి కొత్తవి వేసుకోమని చెప్పండి, యాభై మైళ్ళు నడిపాక మళ్ళీ బిగించుకోమని కూడా. దించాక టెంట్‌ని కాంక్రీటు మీద నేరుగా పెట్టకుండా రెండు టూ-బై-ఫోర్ కర్రల మీద, కవర్ పైకి ఉండేలా పెట్టండి.

దించడానికి నలుగురు కావాలి. పక్కకి ఇద్దరు చొప్పున. తోడల్లుడి కారు సంగతి అప్పటికీ తేలకపోతే, ఆ నలుగురిలో ఒకడిగా అతన్నే ఆస్టిన్ నుంచి రమ్మనండి, భోజనానికి ఉండమనండి. ఆ 130 పౌండ్లు చేతుల మీదకి వచ్చాక తన కారు మాన్యువల్ తనే తెరుస్తాడు.